మా చిన్నోడి చెరుకు లారీ ఆట

వెనకాల మేక అరుస్తుంటే ఏమనుకోకండి, ఇంటి ముందర కూర్చొని రికార్డు చేస్తున్న. లోపల మా అమ్మ నడుం వాల్చింది. గట్టిగ మాట్లాడితే లేచి నన్ను తిడతది.

పోయిన వారం నా స్టేటస్‌లో ఒక చిన్న వీడియో పెట్టిన. నలుగురు పిల్లలు జొన్న సొప్పను ముక్కలు చేసి, మోపులు కట్టి, పాత అట్టపెట్టెకు తాడు కట్టి దాంట్లో నింపి గుంజుకపోతుంటరు. ముందర ఒకడు "రానీ రానీ, వెనకకు రానీ, బస్ బస్" అని చెయ్యి ఊపుతుంటడు. చూసినోళ్లు చాలామంది నవ్వే బొమ్మలు పంపిండ్రు. భలే ముద్దుగున్నరు అన్నరు. నేను కూడా నవ్వుకుంటనే తీసిన. తర్వాత రాత్రి పండుకొని మళ్లీ చూసుకుంటే నవ్వు రాలే. ఎందుకు రాలేదో చెప్పాలని ఈ ఎపిసోడ్.

మాది నారాయణఖేడ్ దగ్గర ఒక తండా. మేమందరం ఖేడ్ అనే అంటం. ఖేడ్ బస్టాండ్ దిక్కు నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఆ వీడియోలో చెయ్యి ఊపేటోడు మా అన్న కొడుకు, ఆరేండ్లోడు, ఒకటో తరగతి. పిల్లగాడి విషయం కాబట్టి పేరు చెప్పను, మేం ఇంట్లో పిలిచినట్టే చిన్నోడు అంటా. వాళ్ల అమ్మా నాన్న ఇప్పుడు ఇంట్లో లేరు. దీపావళి అయినంక చెరుకు నరకనీకె పోయిండ్రు. మళ్లీ వచ్చేది ఎండలు ముదిరినంకనే. ఇప్పుడు మా ఇంట్లో మేం ముగ్గురం: అమ్మ, నేను, చిన్నోడు.

తెలియనోళ్ల కోసం జెర చెప్తా. మా దిక్కు పొలాలు ఎక్కువ వాన మీద ఆధారపడ్డయే. పెసర, మినుము, కంది, పత్తి, సోయా. పంట చేతికొచ్చినంక చేనులో పని ఉండదు. మంజీర మా పక్కనుంచే పోతది, సింగూరు నీళ్లు హైదరాబాద్ దాకా పోయినయి, మా మిట్ట చేండ్లకు మాత్రం ఎక్కలే. అందుకని తండాల నుంచి మొగుడు పెండ్లాం కలిసి చెరుకు కోతకు పోతరు. జహీరాబాద్ దిక్కు కొందరు, కర్ణాటకకు కొందరు, మహారాష్ట్రకు కొందరు. ఇద్దరిని కలిపి ఒక జోడీ అంటరు. మేస్త్రి వచ్చి జోడీకి ఇంత అని ముందే పైసలు ఇస్తడు. ఆ పైసలు పెండ్లికో, అప్పుకో, ఆస్పత్రికో అప్పుడే ఖర్చయిపోతయి. ఇగ పోవాలె. పోకుంటే నడవదు. ఆయన నరుకుతడు, ఆమె ఆకు తీసి మోపు కడతది, రాత్రి లారీ వస్తే ఇద్దరు నెత్తిన పెట్టుకొని పలక మీద ఎక్కి నింపుతరు.

ఇప్పుడు బడి లెక్క చూడండి. మన రాష్ట్రంలో బడులు జూన్ 12న తెరుస్తరు, ఏప్రిల్ 23 వరకు నడుస్తయి. చెరుకు కోత నవంబర్ దిక్కు మొదలై మార్చి, ఏప్రిల్ దాకా పోతది. అంటే చెరుకుకు పోయిన పిల్లగాడు జూన్, జులై, ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్ బడికి వస్తడు. అండ్ల దసరా సెలవులు తీసెయ్యండి. అప్పుడప్పుడే అక్షరాలు పట్టుబడుతుంటయి. సరిగ్గ అప్పుడు బండి కడతరు. తిరిగొచ్చేసరికి బడికి తాళం వేసి ఉంటది.

నాకు ఎట్ల తెలుసంటే నేను అట్ల పోయినోడినే. మూడు సీజన్లు పోయిన. బీదర్ దాటినంక ఒక చెరుకు చేను గట్టు మీద తాటిపత్రి గుడిసె, పొద్దున నాలుగింటికి చలిలో అమ్మ లేస్తే ఆమె కొంగు పట్టుకొని నేను లేచేది. నా పని ఏంటిదంటే చెరుకు కొసల ఆకు ఏరి ఎడ్లకు వేసుడు, ఇంక చెల్లెను చూసుకునుడు. బాగనే ఉండేది, అబద్ధం ఎందుకు. చెరుకు ఎంత తిన్నా ఎవరూ అడగరు. రాత్రి మంట చుట్టూ పాటలు. పిల్లలకు అది కష్టం అని తెలియదు. ఒకసారి లారీ వెనకకు వస్తుంటే మా పక్క గుడిసె పిల్ల చక్రం దగ్గర కూర్చొని ఆడుకుంటుంది, ఎవరో జుట్టు పట్టి గుంజిండ్రు, బతికింది. ఆ రోజు నుంచి నాకు లారీ రివర్స్ చప్పుడు వింటే ఇప్పటికీ ఒళ్లు జల్లుమంటది. అందుకే ఆ వీడియోలో చిన్నోడు "రానీ రానీ" అంటుంటే రెండోసారి నవ్వు రాలే. వాడు పోయిన ఏడు వాళ్లతోని పోయిండు. చూసిందే ఆడుతున్నడు.

తిరిగొచ్చి జూన్‌లో బడికి పోతే నా పేరు కొట్టేసి ఉండేది. మళ్లీ రాయించాలె. మళ్లీ అదే తరగతి. మూడు జూన్‌లు నేను 'అ ఆ' తోనే మొదలుపెట్టిన. నాతోటోళ్లు పాఠం చదువుతుంటే నేను వాళ్ల వెనక కూర్చొని వాళ్ల చొక్కాల గుండీలు లెక్కబెట్టేది. నాలుగో ఏడు మా నాయనమ్మకు కాలు విరిగింది, ఆమె పోలేకపోయింది. ఆమె దగ్గర నన్ను వదిలిండ్రు. అంతే. నేను చదువుకున్న అంటే కారణం నా తెలివి కాదు, ముసలామె కాలు.

సరే, ఇప్పుడు చిన్నోడి రోజు చెప్తా. అది చెప్పుడే నాకు ఇష్టం.

పొద్దున లేపితే లేవడు. దుప్పటి నాలుగు దిక్కుల నుంచి గుంజితే లేస్తడు. లేవంగనే ముందు కోడిపిల్లలు లెక్క చూస్తడు, తర్వాతనే మొఖం కడుగుతడు. జొన్నరొట్టె, దాన్ని మేం బాటి అంటం, పొయ్యి మీద పొంగుతుంటే అది ఎప్పుడు పలుగుతదా అని కండ్లు ఆర్పకుండ చూస్తడు. మొదటి రొట్టె వాడిదే. చాయ్‌లో ముంచి తింటడు, చొక్కా మీద పోసుకుంటడు. యూనిఫాం ఇంకో జత ఉంది గాని అది మేక నమిలింది. ఇదిగో, ఇప్పుడు అరిచిన మేకనే.

బడి తండాలోనే, ఐదు నిమిషాల నడక. వాడికి అర్ధగంట పడతది. దారిలో వేపచెట్టు కింద చీమల పుట్ట చూడాలె, బోరింగు కొట్టి నీళ్లు ఆడాలె, పాత సైకిల్ టైరు ఎక్కడ దాచిండో అక్కడ ఉందా లేదా చూసుకోవాలె. మధ్యాహ్నం బువ్వ బడిలోనే. గుడ్డు పెట్టిన రోజు ఇంటికొచ్చి మొదలు అదే చెప్తడు. పాఠం ఏం చెప్పిండ్రురా అంటే "గుడ్డు పెట్టిండ్రు" అంటడు.

ఇండ్ల ఒక సంగతి ఉంది. ఇంట్లో మా మాట లంబాడీ. బడిలో తెలుగు. ఖేడ్ అంగట్లకు పోతే ఉర్దూ, కన్నడ, మరాఠీ అన్నీ వినపడతయి. ఎందుకంటే 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. అప్పుడు రాష్ట్రాలు విడగొట్టినప్పుడు మెదక్‌లో కలిసింది, 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. గీత అటు ఇటు జరిగింది, మాటలు ఎక్కడియి అక్కడనే ఉన్నయి. చిన్నోడికి చెరుకును ఏమంటరో అడగండి. చెరుకు అంటడు, కబ్బు అంటడు, ఊస్ అంటడు. పోయిన ఏడు చేనులో నేర్చినయి. ఇప్పుడు బడిలో 'షుగర్‌కేన్' కూడా వచ్చింది. 2022లో మన సర్కారు బడులలో ఇంగ్లీష్ మీడియం పెట్టిండ్రు కదా, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీష్ ఉంటది. ఈ రెండు పేజీలలో మా చిన్నోడి మాట ఏ పేజీలోనూ లేదు.

నవ్వుకునే ముచ్చట లాగ చెప్తున్న గాని, నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు నీళ్లకు పోవాలంటే ఏమని అడగాలో తెలియక నిక్కర్ తడుపుకున్నోడిని. నాకు 'పాణీ' తెలుసు. సార్‌కు 'నీళ్లు' తెలుసు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు లేదు. తడిసింది మాత్రం నా నిక్కర్.

చిన్నోడు బడిలో మాట్లాడడు అని సార్ రెండుమూడు సార్లు చెప్పిండు. అంకెలు కూడా తిప్పి రాస్తడు. 17 చెప్తే 71 రాస్తడు. 14 అంటే 41. నేను ఇంట్లో కూర్చోబెట్టి వంద సార్లు రాయించిన. అరిచిన కూడా. వాడు పెన్సిల్ ముక్కు కొరుకుతడు, నా మొఖం చూస్తడు, మళ్లీ 71 రాస్తడు. మొండోడు అనుకున్న.

మొండోడు కాదు. తర్వాత ఆలోచిస్తే తెలిసింది. తెలుగులో పదిహేడు అంటం, పది ముందు, ఏడు తర్వాత. ఇంగ్లీష్‌లో సెవెంటీన్ అంటరు, ఏడు ముందు వినపడతది. మా దిక్కు ఉర్దూ విన్నోళ్లకు సత్రా, అందులోనూ ఏడే ముందు. వాడు విన్న వరుసలో రాసిండు. ముందు సెవెన్ వినపడ్డది, సెవెన్ రాసిండు. తర్వాత ఇంకేదో ఉంది, ఒకటి పెట్టిండు. వాడి చెవి కరెక్టే.

ఇప్పుడు ఆట దగ్గరికి వస్తా. చెరుకు లారీ ఆట. దాంట్లో ఒకడు మేస్త్రి ఉంటడు. చెడిపోయిన నా పాత ఫోన్ వాడి చెవి దగ్గర. వేపాకులు పైసలు. "ఇంద అడ్వాన్సు, తీస్కో, రేపు రావాలె" అంటడు. ఇద్దరు జోడీ. సొప్ప నరుకుతరు, మోపు కడతరు. చిన్నోడు లారీ డ్రైవర్, క్లీనర్, కాంటా వేసేటోడు, అన్నీ వాడే. మోపులు లెక్కబెట్టి నేల మీద గీతలు పెడతడు. నేను గోడ పక్కనుంచి చూస్తున్న. బడిలో నోరు తెరవని పిల్లగాడు, ఇక్కడ ఇద్దరిని తిడుతున్నడు, లెక్క తప్పిందని మోపులన్నీ కిందకు దించి మళ్లీ ఎక్కిస్తున్నడు. పద్దెనిమిది మోపులు. ఒక్కటి కూడా తప్పలే.

ఈ వీడియో సార్‌కు చూపించిన. ఆయన రెండుసార్లు చూసిండు, ఏం అనలే. మరునాడు చిన్నోడిని "ఆ సొప్ప ముక్కలు బడికి తెస్తవా" అని అడిగిండంట. వాడు సంచి నిండ తీస్కపోయిండు. సార్ అడిగిండు, మోపుకు ఎన్ని? వాడు, "చేతికి పట్టినన్ని." ఒకదాంట్లో ఏడు, ఒకదాంట్లో పదకొండు ఉన్నయి. అప్పుడు సార్ అన్నడంట, "నేను ఫ్యాక్టరీ సేటును. నా లారీలోకి మోపుకు పదే ఉండాలె. ఎక్కువైతే తీసుకోను, తక్కువైతే తీసుకోను. కట్టకు రానియి చిల్లర." ఇగ చూడండి. పదిహేడు ముక్కలు ఇస్తే ఒక మోపు కట్టిండు, ఏడు చిల్లర మిగిలింది. మోపు ఎడమ దిక్కు, చిల్లర కుడి దిక్కు. ఒకటి, ఏడు. 17.

టీచర్ ట్రైనింగ్ చేసినోళ్లకు ఇది కొత్త కాదు. పుల్లల కట్టలతోని పదులు, ఒకట్లు చెప్పుడు పాత పద్ధతే. కాని ఆ పుల్లలు మా చిన్నోడి చెరుకు అయినప్పుడు వాడికి అర్థమైంది. సాయంత్రం వచ్చి నాకు పరీక్ష పెట్టిండు. "కాకా, ముప్పై నాలుగు కట్టు." నేను మూడు మోపులు, నాలుగు చిల్లర పెట్టిన. సరిచూసి, ఒక మోపు విప్పి లెక్కబెట్టిండు. తొమ్మిదే ఉన్నయి. "సేటు తీసుకోడు" అని నా మొఖం మీద పడేసిండు.

ఇదంత ఇప్పుడు నవ్వుకుంట చెప్తున్న. దీపావళి ముందర మా ఇంట్లో ఇట్ల లేదు.

అన్న ఈసారి కూడా చిన్నోడిని తీసుకపోతం అన్నడు. నేను వద్దన్న. వదిన ఏమన్నదంటే, "ఆరేండ్ల పిల్లగాడు తల్లి లేకుండ ఎట్లుంటడు? రాత్రి ఉలిక్కిపడి లేస్తడు, నువ్వు లేస్తవా?" నేను లేస్తా అన్న. లేస్తనో లేవనో నాకే తెలియదు, నోటికి వచ్చింది చెప్పిన. ఇంకో మాట కూడా ఉంది, అది ఆమె మెల్లగ చెప్పింది. వాళ్లకు ఏడాదిన్నర బిడ్డ ఉంది. చిన్నోడు పోతే చెల్లెను వాడు చూసుకుంటడు, వదిన రెండు చేతులతోని పని చేస్తది. వాడు పోకుంటే బిడ్డను తుమ్మచెట్టుకు ఉయ్యాల కట్టి, మోపు మోపుకు లేచి చూసుకుంట పని చెయ్యాలె. మోపులు తగ్గుతయి. అడ్వాన్సు తీరదు. చిన్నోడి బడికి ఖర్చు లేదు అంటం కదా, సర్కారు బడి, పుస్తకాలు ఉత్తగనే, బువ్వ ఉత్తగనే. ఖర్చు ఇక్కడ ఉంది. ఆ ఉయ్యాల దగ్గర.

నేను గొంతు పెంచి, "నన్ను తీస్కపోయి మూడేండ్లు ఖరాబు చేసిండ్రు, వీడిని కూడా చేస్తరా" అన్న. అమ్మ పొయ్యి దగ్గర కూర్చొని ఉంది. ఆమె అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలే. అప్పుడు తిరిగి చూసింది. "నిన్ను ఎవరి దగ్గర వదిలి పోవాలెరా నేను? చెప్పు. ఎవరున్నరు?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏండ్లు చెరుకు మోసి మోసి ఆమె నడుం పోయింది. నడుం పోయింది కాబట్టే ఇప్పుడు ఇంట్లో ఉంది. ఇంట్లో ఉంది కాబట్టే చిన్నోడు ఇక్కడ ఉండగలుగుతున్నడు. ఆ రాత్రి ఆమెనే తేల్చింది, "వీడిని నా పక్కన పండబెట్టుకుంటా, మీరు పోండి."

పోయిండ్రు. ట్రాక్టర్ ఎక్కేటప్పుడు చిన్నోడు ఏడవలే. అదే నాకు భయమైంది. రాత్రి ఏడ్చిండు. తర్వాత నాలుగు రాత్రులు పక్క తడిపిండు. అన్నం ముందర కూర్చుంటే ముద్ద నోట్లో పెట్టుకొని నమలకుండ అట్లనే ఉంటడు. నేను ఏం చేసినో చెప్పాలె, సిగ్గుగ ఉంది గాని. ఫోన్ ఇచ్చిన. కార్టూన్లు పెట్టిచ్చిన. ఏడుపు బంద్. నాకు షాపు పని అయింది, అమ్మకు వంట అయింది. గంట రెండు గంటలైంది, రెండు మూడైంది. రెండు వారాలైనంక ఒక రోజు పక్కింటి పిల్లగాడు వచ్చి పిలిస్తే చిన్నోడు తలెత్తి చూడలే. టైరు ఎక్కడ పెట్టిండో కూడా మరిచిపోయిండు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, రెండు నుంచి నాలుగేండ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దు, తక్కువైతే ఇంకా మంచిది అని. మావోడు ఆరేండ్లోడు, లెక్కకు ఆ వయసులోకి రాడు. కాని మీరు నేను కూడా రాం కదా, మన చేతిలోంచి ఫోన్ గుంజుకుంటే మనం ఎట్ల చేస్తమో తెలుసు. నేను ఒక్కసారి గుంజుకున్న. ఇల్లు కప్పు లేచిపోయింది. మూడు రోజులు నాతోని మాట్లాడలే. నాలుగో రోజు ఇంట్లో ఏం తోచక బయటకు పోయి సొప్ప ముక్కలు ఏరుకున్నడు. ఆ ఆట అట్ల మొదలైంది.

ఫోన్ ఇప్పుడు సాయంత్రం ఏడింటికే. వాళ్ల అమ్మ చేస్తది. అక్కడ సిగ్నల్ సరిగ రాదు, లారీ నింపే రోజైతే అసలు రాదు. మొదట్లో వదిన ఏమడిగేది? "తిన్నవా? బడికి పోయినవా? మంచిగ చదువుతున్నవా?" చిన్నోడు మూడిటికి "ఊ" అనేటోడు, అంతే, పక్కకు పోయేటోడు. ఆమె ఏడ్చేది. నేను ఒకరోజు చెప్పిన, వదినా, ఇయ్యాల ఏం ఆడినవ్ అని అడుగు. అడిగింది. ఇగ చూడాలె. పదిహేను నిమిషాలు ఆపలే. లారీ ఎట్ల బోల్తా పడ్డదో, మేస్త్రి ఎట్ల పారిపోయిండో, సేటు కట్టకు పది ఎందుకు అన్నడో. అటు నుంచి వదిన, "మా దగ్గర ఇయ్యాల రెండు లారీలు పోయినయి బిడ్డా" అంటే వీడు, "మోపుకు ఎన్ని యాడి?" అని అడిగిండు. ఆమె లెక్కబెట్టలేదంట. మరునాడు లెక్కబెట్టి చెప్పింది.

వదినకు చదువు రాదు. చిన్నోడు నోట్‌బుక్ కెమెరాకు పెట్టి చూపిస్తడు, మరీ దగ్గర పెడతడు, ఆమెకు తెల్లగ ఒకటే మసక కనపడతది. అయినా "మంచిగ రాసినవ్" అంటది. నేను పక్కనుంచి కొంచెం దూరం పెట్టురా అంటా. మొన్న 17 అని పెద్దగ రాసి చూపించిండు. అన్న అటునుంచి చూసి ఏం మాట్లాడలే, ఫోన్ వదిన చేతికి ఇచ్చి పక్కకు పోయిండు. అన్న ఎంతవరకు చదివిండో నేను చెప్పలే కదా. చదవలే. నాకు నాయనమ్మ కాలు విరిగింది. అన్న అప్పటికే నరికే వయసుకు వచ్చిండు.

మీలో ఎవరికన్నా ఇంట్లో, పక్కింట్లో ఇసొంటి పిల్లలు ఉంటే రెండు విషయాలు తెలుసుకోండి, నేను జిరాక్స్ షాపులో కూర్చొని నేర్చుకున్నయే. ఒకటి, సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు అని ఉంటయి, వలస పోయినోళ్ల పిల్లలు ఆ నెలలు అక్కడ ఉండి తమ బడికే పోవచ్చు. ప్రతి ఊర్లో ఉండదు, కాబట్టి దసరా లోపలే హెడ్‌మాస్టర్‌ను, మండల విద్యాధికారిని అడగాలె. బండి కట్టినంక అడిగితే లాభం లేదు. రెండు, పిల్లగాడిని తీసుకపోక తప్పకపోతే, 2009 విద్యా హక్కు చట్టం ఉంది. వేరే ఊరికి పోయినా, వేరే రాష్ట్రానికి పోయినా అక్కడి సర్కారు బడిలో చేర్చుకోవాలె. టీసీ లేదు, ఆలస్యమైంది అని వాపస్ పంపొద్దు. వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టాలె, వెనకబడితే వేరుగ నేర్పాలె. చట్టంలో ఇట్ల ఉంది. చెరుకు చేనుకు బడి ఎంత దూరం, అక్కడ మరాఠీలో చెప్తే మనోడికి ఏం అర్థమైతది, అది వేరే సంగతి. కాని అడిగేటోడికి కాయితం చేతిలో ఉండాలె కదా.

నేను గెలిచిన అని చెప్పను. బిడ్డ ఉయ్యాలలో ఉంది, వదిన మోపు మోపుకు లేస్తుంది. ఈసారి అడ్వాన్సు పూర్తిగ తీరకపోవచ్చని అన్న ఫోన్‌లో అన్నడు. తీరకపోతే వచ్చే ఏడు మళ్లీ అదే మేస్త్రి, అదే లెక్క, మళ్లీ దసరా రాత్రి అదే పంచాయితీ. అప్పటికి అమ్మ నడుం ఎట్లుంటదో. నిన్న ఆమెను ఆస్పత్రికి తీస్కపోత అంటే, "నేను పోతే వీడికి రొట్టె ఎవరు చేస్తరు" అన్నది. నాకు రొట్టె రాదు. నేర్చుకుంటున్న. మొదటిది ఇండియా మ్యాప్ లాగ వచ్చింది, చిన్నోడు దాంట్లో హైదరాబాద్ ఎక్కడ అని అడిగి అక్కడ కొరికిండు.

గోడ మీద బొగ్గుతోని గీతలు పెడుతున్నడు, వాళ్ల అమ్మ పోయిన రోజు నుంచి. మొన్నటిదాకా విడి గీతలు. ఇప్పుడు పది గీతలకు చుట్టూ ఒక గీత గుంజుతున్నడు, మోపు లాగ. ఇప్పటికి ఎనిమిది మోపులు, మూడు చిల్లర.

ఇగో, వచ్చి నిలబడ్డడు. ఏడైతుంది ఫ్రెండ్స్. ఈ ఫోన్‌లోనే రికార్డు చేస్తున్న కదా, ఆమె చేస్తే ఎంగేజ్ వస్తదంట, ఆపమంటున్నడు. ఆ, ఇస్తున్నరా, ఆగు. సరే, ఉంటా మరి. నమస్తే.